సైలెన్సర్ వెనకాల స్టూలు

మురారికి రాని పని లేదు. ఇంజన్ మొత్తం విప్పి గోనెపట్టా మీద పరిచేస్తాడు, మళ్ళీ ఒక్క నట్టు మిగలకుండా బిగించేస్తాడు. లాప్‌టాప్ వైరు తగిలించి, కంపెనీవాళ్ళు పెట్టిన లెక్కలన్నీ మార్చి, ఈసురోమంటూ నడిచే కారుని ఉరికించేస్తాడు. ఇన్ని వచ్చినా ఒక్క మాట అనే యోగం మాత్రం అతనికి ఇంకా పట్టలేదు. ఆ దిగులు మనిషిని లోపల్లోపల తినేస్తోంది.

ఆ మాట ఏమిటంటే, "పూచీ నాది."

విజయవాడ ఆటోనగర్లో దస్తగిరి ఉస్తాద్ షెడ్డుకి ఓ ఆచారం ఉంది. అక్కడికి వచ్చేవన్నీ కంపెనీ ఇచ్చిన జోరు చాలదనుకునే కార్లు. వాటికి పెద్ద టర్బోలు బిగించి, పొగగొట్టాలు మార్చి, ట్యూనింగ్ చేసి పంపిస్తారు. కారు తయారయ్యాక, ట్యూన్ చేసినవాడు తాళంచెవి తీసుకెళ్ళి, నడిపే మనిషి అరచేతిలో పెట్టి, "పూచీ నాది" అనాలి. ఆ మాట పడందే కారు గేటు దాటదు.

ఉస్తాద్ దూరంగా తన ఇనప కుర్చీలో కూర్చుని, చెవికి చెయ్యి ఆనించుకుని వింటాడు. శిష్యుడు సిగ్గుపడి గొణిగాడా, "వినపడలేదు" అంటాడు. మళ్ళీ చెప్పాలి. "వినపడలేదోయ్!" మళ్ళీ. షెడ్డు రేకులు అదిరేలా అరిచేదాకా వదలడు. అప్పుడు పకపకా నవ్వి అందరికీ చాయ్ తెప్పిస్తాడు. ఆ రోజునుంచి ఆ శిష్యుడు సొంతంగా కార్లు పంపుకోవచ్చు, ఉస్తాద్ వచ్చి చూడడు.

మురారి తరవాత చేరినవాళ్ళు కూడా అరిచేసి, వేరే షెడ్లు పెట్టుకుని వెళ్ళిపోయారు. మురారి మాత్రం ఇక్కడే ఉన్నాడు.

ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాడు. "ఉస్తాద్, నా పనిలో తప్పేముంది?"

"తప్పేం లేదు."

"మరి నాకెప్పుడు?"

ఉస్తాద్ గడ్డం దువ్వుకున్నాడు. "నీకు లెక్క బాగా వచ్చు బేటా," అన్నాడు. అంతే, లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

మెచ్చుకున్నాడో తిట్టాడో మురారికి అర్థం కాలేదు. సరే, మెచ్చుకున్నాడనే అనుకున్నాడు. ఎవరమైనా అంతేగా.

అలాగని ఉస్తాద్ లెక్కలంటే గిట్టని మనిషేం కాదు. ఉద్యోగం చేసిన రోజుల్లో ఓ పెద్ద ఫ్యాక్టరీలో ఇంజన్లని పరీక్షించే విభాగమంతా ఆయన చేతికిందే నడిచేది. ఆటోనగర్లో పొగగొట్టానికి సెన్సర్ బిగించి ట్యూనింగ్ చెయ్యడం మొదలెట్టిందే ఆయన. సెన్సర్ లేకుండా ఇంజన్ మీద చెయ్యి వేస్తే ఊరుకునేవాడు కాదు, చెడామడా తిట్టేవాడు. మురారి సెన్సర్లని అంతగా నమ్మాడంటే, ఆ నమ్మకం నేర్పింది కూడా ఆ ఉస్తాదే.

ఇంతలో ఎస్తేరు కారు వచ్చింది.

ఎస్తేరు గుణదలలో ఓ బళ్ళో ఆటల టీచరు. మెడలో విజిలు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, చర్చికి వెళ్ళినా తియ్యదు. సెలవు దొరికితే చాలు, కొండదారి పోటీలకి వెళ్ళిపోతుంది. చూడ్డానికి చిన్న కారే, పిల్లల్ని బడికి దింపే కారులా ఉంటుంది. దానికి ఈసారి ఇదివరకటికి రెట్టింపు టర్బో బిగించమంది. టర్బో అంటే మరేం కాదు, ఇంజన్లోకి గాలిని బలవంతంగా కూరే యంత్రం. గాలి ఎక్కువైతే దానికి తగ్గ పెట్రోలూ పొయ్యాలి. ఆ రెంటికీ పొత్తు కుదర్చడమే ట్యూనింగ్.

ఉస్తాద్ ఆ కారు చుట్టూ ఓసారి తిరిగి, తాళంచెవి తీసి మురారి జేబులో పడేశాడు. "ఇది నీది. మొదట్నుంచి చివరిదాకా నువ్వే చెయ్యి, నేను ముట్టుకోను. ఆదివారం పోటీ. బాగా కుదిరితే ఎస్తేరమ్మ చేతిలో తాళం నువ్వే పెడుదువుగాని."

మురారికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంటికి వెళ్ళి స్నానాల గదిలో తలుపేసుకుని "పూచీ నాది!" అని అరిచి చూసుకున్నాడు. పక్కవాటా ఆవిడ పరిగెత్తుకొచ్చి, "ఏమైంది, జారిపడ్డారా?" అని తలుపు బాదింది. భార్య పడీపడీ నవ్వింది.

శుక్రవారం వచ్చింది. ఉస్తాద్ నమాజుకి మసీదుకి వెళ్ళాడు. షెడ్డులో మురారి, ఎస్తేరు, కారు. అంతే.

కారుని రోలర్ల మీదకి ఎక్కించి, బెల్టులతో నేలకి బిగించి కట్టాడు. చక్రాలు ఎంత తిరిగినా కారు ఉన్నచోటే ఉంటుంది. వెనకవైపు షట్టరు ఎత్తేసి ఉంది. ఆవలున్న పెరట్లో సున్నం కొట్టిన ప్రహరీగోడ, ఓ పక్క నీళ్ళ కుళాయి, దాని పక్కన పెరటి గేటు. పొగంతా అటే పోతుంది.

పొగగొట్టానికి కొత్త సెన్సరు బిగించాడు. ఇంజన్లో పెట్రోలు సరిపోయిందో లేదో ఆ సెన్సర్ని బట్టే తెలుసుకుంటారు. తక్కువైతే స్క్రీన్ మీద అంకె ఎర్రబడుతుంది, సరిపోతే పచ్చబడుతుంది. టర్బో ఉన్న ఇంజన్‌కి పెట్రోలు చాలకపోతే లోపల వేడి పుట్టి పిస్టన్లు కరిగిపోతాయి. కొండ మధ్యలో ఇంజన్ కరిగితే ఎస్తేరు గతేమిటి? మురారికి ఎరుపంటే భయం అందుకే. ఆ భయాన్ని తప్పు పట్టడానికేం లేదు.

బిగించే ముందు సెన్సర్ని ఆరుబయట గాలిలో పెట్టి పరీక్షించాడు కూడా. పుస్తకంలో ఏ అంకె రావాలని ఉందో అదే అంకె వచ్చింది, దశాంశం తేడా లేదు. తృప్తిగా తలూపి సీట్లో కూర్చున్నాడు.

మొదటిసారి యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ మెల్లగా ఉన్నంతసేపూ అంకె పచ్చగానే ఉంది. వేగం పుంజుకుని టర్బో అందుకోగానే ఎర్రబడింది.

లాప్‌టాప్‌లో పైకి బాణం గుర్తున్న మీట ఒకటుంది. అది నొక్కినకొద్దీ ఇంజన్లోకి పెట్రోలు ఎక్కువ పోతుంది. మురారి నొక్కాడు. మళ్ళీ తొక్కాడు. ఎరుపే. ఇంకా నొక్కాడు. ఇంకా ఎర్రబడింది.

"ఇదేం దాహం తల్లీ నీకు," అని కారుని ముద్దుగా విసుక్కున్నాడు. పెద్ద టర్బో కదా, పెద్ద పొట్ట అనుకున్నాడు.

పక్కనే నిలబడ్డ ఎస్తేరు కిటికీలోంచి తల పెట్టింది. "అన్నా, పైకెళ్ళేసరికి తడబడుతోంది. నత్తి వచ్చినట్టు."

"పెట్రోలు చాలక."

"చాలకపోవడమేంటి? పచ్చి పెట్రోలు కంపు కొడుతోంది. కళ్ళు మండిపోతున్నాయి నాకు."

"షెడ్డన్నాక పెట్రోలు కంపు కాక మల్లెపూల వాసనొస్తుందా?"

"అది వేరు, ఇది వేరన్నా. నేను ఈ కారుతో ఎన్నాళ్ళనుంచి కాపరం చేస్తున్నాను! దీని సంగతి నాకు తెలీదా?"

నిజం చెప్పొద్దూ, మురారి కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి. మోచేత్తో తుడుచుకుని మళ్ళీ స్క్రీన్ కేసి చూశాడు. అక్కడ ఎర్రగా ఉంది. ఎర్రగా ఉందంటే పెట్రోలు తక్కువున్నట్టే. ఇంక కళ్ళతో పనేముంది?

"ఎస్తేరూ, కొత్త సెన్సరిది. పొద్దున్నే పరీక్షించాను. దశాంశం తేడా లేదు. నీ ముక్కుకి దశాంశాలు తెలుసా?"

"తెలీదు. కంపు తెలుసు."

ఆ మాటకి మురారికి ఒళ్ళు మండింది. పూచీ చెప్పబోయే రోజున, ఆటల టీచరొచ్చి తనకి ఇంజన్ పాఠం చెబుతుందా? "అంత అనుమానమైతే ఆ స్టూలు తీసుకెళ్ళి సైలెన్సర్ వెనకాల వేసుకుని కూర్చో. బాగా పీల్చి, ఎంత ఎక్కువుందో పాయింట్లతో సహా చెప్పు. రాసుకుంటాను."

వెటకారానికే అన్నాడు. కానీ ఎస్తేరు అసలే మొండిది. "కూర్చుంటాను, నాకేం భయం?" అంది. ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళి, సైలెన్సర్‌కి ఎదురుగా, గోడకి వీపు పెట్టి కూర్చుంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "కానియ్!" అని చెయ్యూపింది.

మురారి అద్దంలో చూసి నవ్వుకున్నాడు. ఆ తరవాత అద్దం వైపు చూడలేదు. స్క్రీనే చూశాడు. పెట్రోలు ఇంకాస్త పెంచి, ఈసారి అడుగంటా తొక్కాడు.

ఇంజన్ గోలకి షెడ్డు రేకులు కొట్టుకుంటున్నాయి. ఎరుపు, ఎరుపు, ఎరుపు. అంకె ఒక్క క్షణం తగ్గినట్టే తగ్గింది. ఇంకొంచెం, ఇదిగో అయిపోయింది, పచ్చబడబోతోంది అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడు పెరటి గేట్లోంచి ఉస్తాద్ గొంతు వినిపించింది. ఆయన గొంతు అంత పెద్దదని మురారికి అప్పటిదాకా తెలీదు.

"ఆపు! మురారీ, ఆపరా!"

ఉలిక్కిపడి కాలు తీసేశాడు.

ఢాం!

ఆ చప్పుడు ఎలా ఉందని చెప్పను? కారు వెనకభాగం ఎగిరి పడింది. బెల్టులు కిర్రుమన్నాయి. అద్దంలో ఒక్కసారి పసుప్పచ్చటి మంట నిండిపోయి ఆరిపోయింది. ఆ వెంటనే ఏదో బరువైన ఇనుము వెళ్ళి గోడకి తగిలిన చప్పుడు. ఇంజన్ ఆగిపోయింది. చెవుల్లో గుయ్యిమని హోరు తప్ప ఇంకేం వినపడలేదు.

మురారికి ఒక్కటే గుర్తొచ్చింది. స్టూలు.

తలుపు తీసుకుని దిగబోతూ బెల్టు తట్టుకుని కింద పడ్డాడు. లేచి వెనక్కి పరిగెత్తాడు. సైలెన్సర్ మూతి ఊడిపోయి ఉంది. దాని చివరి ముక్క గోడకి తగిలి, సున్నాన్ని పెళ్ళగించి, కింద పొగలు కక్కుతోంది. తెల్లటి గోడ మీద మనిషి కూర్చుంటే తలొచ్చే ఎత్తులో నల్లగా మసి పరుచుకుంది. ఎర్ర స్టూలు ఎగిరి పక్కకి పడి ఉంది. దాని ఒక కాలు విరిగిపోయింది, పీట మాడి ముడుచుకుపోయింది.

స్టూలు మీద మనిషి లేదు.

"ఎస్తేరూ!" అని అరిచాడు. పిచ్చివాడిలా చుట్టూ తిరిగాడు. గోడ పక్కన చూశాడు, కారు కింద చూశాడు. "ఎస్తేరూ! అమ్మా! ఎస్తేరూ!"

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. నేనే పంపాను, నేనే కూర్చోమన్నాను, అని ఒకటే మాట బుర్రలో గిర్రున తిరిగింది.

కీచు, కీచు అని సన్నగా ఏదో చప్పుడు వినపడింది.

కుళాయి దగ్గర, గేటు పక్కన ఎస్తేరు నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు. చాయంతా మోచేతుల మీదుగా కారిపోతోంది, ఆ వేడి కూడా తెలుస్తున్నట్టు లేదు. విజిలు పళ్ళ మధ్య బిగించుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా, వదిలినప్పుడల్లా అది కీచుమంటోంది.

ఉస్తాద్ నమాజు నుంచి వస్తూ దారిలో చాయ్ పట్టించుకొచ్చాడు. పెరటి గేటు తీసి, "ఎస్తేరమ్మా, ఇలా వచ్చి ఈ గ్లాసులు పట్టు తల్లీ," అన్నాడు. అందుకోవడానికి ఆమె లేచి వెళ్ళింది. గ్లాసులు ఆమె చేతికిస్తూ ఉస్తాద్ గాలి పీల్చాడు. పీల్చి అరిచాడు. జరిగింది అంతే. చాయ్ కాస్త ఆలస్యమయ్యుంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా మురారికి ధైర్యం చాలలేదు.

అతను కుళాయి గట్టు మీద కూలబడిపోయాడు. ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. 

ఉస్తాద్ మాత్రం గబగబా లోపలికెళ్ళాడు. మంటలార్పే సిలిండరు పట్టుకుని కారు కింద, వెనక, చుట్టూ చూశాడు. ఎక్కడా నిప్పు లేదని నమ్మకం కుదిరాక సిలిండరు దించాడు. ఎస్తేరు చేతుల్లోంచి గ్లాసులు తీసుకుని, చన్నీళ్ళు పోసి మోచేతులు కడిగి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పుడు మురారి దగ్గరికొచ్చాడు.

"లే. నాతో రా," అన్నాడు. అంతే. కోప్పడలేదు.

మురారి వెనకే వెళ్ళాడు. ఉస్తాద్ స్క్రీన్ ముందు ఆగాడు.

"ఏమంటోంది?"

మురారి చూశాడు.  ఇంత మంట మండాక, గోడ పెళ్ళలూడాక, షెడ్డంతా పెట్రోలు కంపు కమ్మేశాక కూడా ఆ అంకె ఎర్రగానే ఉంది. ఇందాకటికన్నా ఎర్రగా ఉంది.

"పెట్రోలు... తక్కువంటోంది ఉస్తాద్."

"పొయ్యి అయితే."

మురారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఉస్తాద్ అతని కుడిచెయ్యి పట్టుకున్నాడు. చూపుడువేలు తీసి, పైకి బాణం గుర్తున్న మీట మీద పెట్టాడు. "పొయ్యి బేటా. ఇందాకట్నుంచి పోస్తూనే ఉన్నావుగా. ఇంకా తక్కువంటోంది చూడు."

 మీట మీద ఆకు పడ్డంత బరువు కూడా పడలేదు. మురారి కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. ఈసారి పెట్రోలు మంటకి కాదు.

"సెన్సరు అబద్ధం చెప్పింది ఉస్తాద్," అన్నాడు చివరికి. "పొద్దున బాగానే ఉంది. మధ్యలో పాడైపోయుంటుంది. నన్ను ముంచేసింది."

"విప్పు," అన్నాడు ఉస్తాద్.

పొగగొట్టం చల్లారాక మురారి సెన్సర్ని విప్పాడు. పెరట్లోకి పట్టుకెళ్ళి ఆరుబయట గాలిలో పెట్టాడు. పాడైపోయుండాలి, పాడైపోయుండాలి అని లోపల్లోపల మొక్కుకున్నాడు. అంకె వచ్చింది. పొద్దున ఏది వచ్చిందో అదే వచ్చింది. దశాంశం తేడా లేదు.

మురారి కొయ్యబారిపోయాడు. ఢాం అన్నప్పుడు కూడా అంత అదిరిపోలేదు. అబద్ధమని తేలితే ఎంత హాయిగా ఉండేది!

"నిఖార్సయిన సరుకు," అన్నాడు ఉస్తాద్, సెన్సర్ని చేతిలో తిప్పి చూస్తూ. "పొగలో గాలి ఎంత మిగిలిందో చెప్పడం దీని పని. మిగిలింది. చెప్పింది."

"మరి పెట్రోలు సంగతి?"

ఉస్తాద్ వంగి, మాడిపోయిన స్టూలు తీసుకుని, దుమ్ము దులిపి, మురారి కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు.

మురారి ఆ స్టూలు కేసి చాలాసేపు చూశాడు. తరవాత వెళ్ళి, కుర్చీలో కూర్చున్న ఎస్తేరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి చూడ్డానికి తల ఎత్తలేకపోయాడు.

"ఎస్తేరమ్మా," అన్నాడు. ఇన్నాళ్ళూ ఎస్తేరూ అనే పిలిచాడు. "నేను నిన్ను చంపేసేవాణ్ణి."

ఎస్తేరు విజిలు నోట్లోంచి తీసింది. "బతికే ఉన్నాగా అన్నా," అంది.  ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాను! చెప్పానా లేదా? చెవిన పెట్టావా?"

"పెట్టలేదు. ఇప్పుడు చెప్పు. తడబాటు ఎప్పుడు మొదలైంది? ఎలా ఉంది?"

ఎస్తేరు కాస్త ఆలోచించింది. "టర్బో అందుకునేదాకా బానే ఉంది. అందుకోగానే, పరుగు పందెంలో పిల్లాడు అడుగు తప్పుతాడు చూడు, అలా. ఒక్కడే కాదు, ఒకడి తరవాత ఒకడు తప్పుతున్నట్టు. కంపు కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది."

మురారి ఒక్క మాట కూడా అడ్డు చెప్పకుండా విన్నాడు. విన్నాక లేచి, స్క్రీన్ దగ్గరికి కాదు, ఇంజన్ దగ్గరికెళ్ళాడు. పెట్రోలుకి నిప్పంటించే ప్లగ్గులు విప్పాడు. నాలుగూ నల్లగా ఉన్నాయి, పెట్రోల్లో ముంచి తీసినట్టు తడితడిగా ఉన్నాయి. ప్లగ్గు మొనల మధ్య సందు చూశాడు. కంపెనీవాళ్ళు చెప్పిన కొలతే. కానీ అది పాత టర్బోకి చెప్పిన కొలత. కొత్త టర్బో గాలి ఆ సందులోని నిప్పురవ్వని దీపాన్ని ఊదేసినట్టు ఊదేస్తోంది. రవ్వ లేకపోతే ఏదీ కాలదు. కాలని గాలీ, కాలని పెట్రోలూ రెండూ కలిసి సైలెన్సర్లోకే పోయి, అక్కడి వేడికి ఒక్కసారి అంటుకున్నాయి. సెన్సరు ఆ గాలిని చూసింది. ఎస్తేరు ఆ పెట్రోల్ని చూసింది. ఇద్దరూ ఉన్నదే చెప్పారు. మురారి ఒకళ్ళ మాటే విన్నాడు.

సాయంత్రం దాకా మురారి పని చేశాడు. కొత్త ప్లగ్గులు తెచ్చి, సందు తగ్గించి బిగించాడు. తాను పెంచిన పెట్రోలంతా తగ్గించేశాడు. ఊడిన సైలెన్సర్ తీసేసి వేరేది వేశాడు.

మర్నాడు పొద్దున్నే కారుని మళ్ళీ రోలర్ల మీదకి ఎక్కించాడు. టర్బో అందుకుంది. తడబాటు లేదు. అంకె పచ్చగా, కావలసిన చోట నిలబడింది. ఇంతకాలం అతను కలలుగన్న అంకె అది. ఓసారి చూసి, ఇంజన్ ఆపి దిగిపోయాడు.

ఎస్తేరు తాళం కోసం చెయ్యి చాపబోయింది.

"ఉండమ్మా. నువ్వు సీట్లో కూర్చో."

ఉస్తాద్ దూరంగా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. మురారి మూలనున్న ఎర్ర స్టూలు తీశాడు. విరిగిన కాలి కింద ఇటుకలు పెట్టి సర్దాడు. పెరట్లో, సైలెన్సర్‌కి ఎదురుగా, నల్లటి గోడకి వీపు పెట్టి దాని మీద కూర్చున్నాడు. నిన్న ఆమె కూర్చున్నది సరిగ్గా అక్కడే.

"అన్నా, వద్దు! లే అక్కణ్ణుంచి!" అని ఎస్తేరు కిటికీలోంచి అరిచింది. ఉస్తాద్ కూడా కుర్చీలోంచి సగం లేచాడు. మురారి ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"తొక్కమ్మా," అన్నాడు మురారి. "అడుగంటా."

ఎస్తేరు విజిలు పళ్ళ మధ్య పెట్టుకుని తొక్కింది. షెడ్డు దద్దరిల్లింది. వేడిగాలి వచ్చి మురారి ముఖానికి కొట్టింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది, చేతులు మోకాళ్ళని బిగబట్టుకున్నాయి. కళ్ళు మూసుకుని, ముక్కు నిండా గాలి పీల్చాడు. భయం వేసింది, మామూలు భయం కాదు. అయినా లేవలేదు.

"కాలు తియ్యి!" అని అరిచాడు.

ఎస్తేరు తీసింది. ఇంజన్ బుసకొట్టినట్టు నిట్టూర్చి నెమ్మదించింది. కాలిన ఇనుము వాసన తప్ప ఇంకేం లేదు.

మురారి లేచి వచ్చాడు. ఎస్తేరు ఇంజన్ ఆపి దిగింది. అతను కారులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. అనాలని నోరు తెరిచాడు. స్నానాల గదిలో అన్నిసార్లు అరిచిన మాట, ఇన్నేళ్ళూ కాచుకున్న మాట.  పెదాలు కదిలాయి గానీ చప్పుడు రాలేదు. ఆమె అరచేతిని తన రెండు చేతులతో మూసి, అలాగే నిలబడిపోయాడు.

 మురారి బెదురుగా ఉస్తాద్ కేసి చూశాడు.

ఉస్తాద్ చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి దించాడు.

"వినపడింది," అన్నాడు.